ముంపు మనది, కాగితం ఎవరిది?

సముద్ర మట్టాలు పెరుగుతున్నాయన్న చర్చ వచ్చినప్పుడల్లా మన నగరంలో ఒక నిశ్చింత కనిపిస్తుంది. ఆ బాధ మాల్దీవులదో, సుందరబన్లదో, మరీ దగ్గరికొస్తే కాకినాడ పక్కనున్న ఉప్పాడదో అనుకుంటాం. హైదరాబాదు దక్కను పీఠభూమి మీద, సముద్రానికి 500 మీటర్ల ఎత్తున ఉంది కదా, మనకేం భయం? మన సాహిత్య సభల్లోనూ ఇదే ధోరణి. పర్యావరణం మీద ఒక కవిత చదువుతాం, నదిని అమ్మ అనో ఆడపిల్ల అనో పిలుస్తాం, చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోతాం. ఈ నిశ్చింత ఎంత అబద్ధమో పాతబస్తీ 2020 అక్టోబరులోనే చెప్పింది. మనమే వినిపించుకోలేదు.

ఆ నెల 13 తెల్లవారుజామున బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. నేల మీదికి వచ్చినా దాని ఉధృతి తగ్గలేదు. తెలంగాణ మీదుగా ప్రయాణించి ఆ రాత్రికే హైదరాబాదును ముంచేసింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. పల్లెచెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ మీద పడింది. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ఇళ్ల మీద గోడ కూలి ఒక పసిబిడ్డతో సహా పలువురు చనిపోయారు. జనం ఇంకా ఇళ్లలో బురద ఎత్తిపోసుకుంటూ ఉండగానే, నాలుగు రోజుల తర్వాత బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్‌బాబానగర్‌లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. పొద్దున కాకినాడ తీరాన్ని తాకిన వాయుగుండమే రాత్రికి చార్మినార్ వెనక గల్లీల్లోకి వచ్చింది. ఇక మనకు సముద్రం లేదని ఎలా అంటాం?

దీని వెనకున్న శాస్త్రం పెద్ద కష్టమైనదేం కాదు. సముద్రం వేడెక్కినప్పుడు నీరు వ్యాకోచిస్తుంది, కరిగిన మంచు దానికి తోడవుతుంది, మట్టం పెరుగుతుంది. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సగటు సముద్ర మట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐపీసీసీ లెక్క. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993-2017 మధ్య ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక చెప్పింది. ఇంకో పక్క, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుకోగలదు. ఆ తేమంతా ఎక్కడో ఒకచోట కురవాల్సిందే. తీరాన్ని కోసేదీ, లోపలి ఊళ్ల మీద ఒక్క రాత్రిలో కుండపోతగా కురిసేదీ వేడెక్కుతున్న ఆ సముద్రమే. కాబట్టి ఉప్పాడనూ పాతబస్తీనీ రెండు వేరు వేరు వార్తలుగా చదవడం మనం మానుకోవాలి.

ఉప్పాడ మనకు జాందానీ చీరల ఊరుగా తెలుసు. ఆ చీర కట్టుకుని సెమినార్లకు వెళ్తాం. ఆ ఊరి తీరం మాత్రం ఏళ్ల తరబడి సముద్రంలో కలిసిపోతూనే ఉంది. మత్స్యకారుల ఇళ్లు వరస వెంట వరస పోయాయి. రాళ్లు పోశారు, జియో ట్యూబులతో గోడ కట్టారు, అలలు దాన్నీ దెబ్బతీశాయి. 1990-2018 మధ్య ఆంధ్ర తీరంలో నాలుగో వంతుకు మించి కోతకు గురైందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం తేల్చింది. దీనికంతటికీ సముద్రాన్నే తిట్టి ఊరుకోలేం. డెల్టాకు ప్రాణం నది మోసుకొచ్చే ఒండ్రు. ధవళేశ్వరం దగ్గర గోదావరి తెచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండేది, 2000-2006 నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఒండ్రు పైనున్న ఆనకట్టల వెనక ఆగిపోయింది. పైన నీటిని ఆపుకున్నవాళ్లకు లాభం, కింద నేల పోగొట్టుకున్నవాళ్లకు నష్టం. ఈ పైకీ కిందకీ ఉన్న సంబంధాన్ని గుర్తుపెట్టుకోండి, మూసీ దగ్గర మళ్లీ దీనితో పని ఉంది.

సముద్రం మింగేసిన ఇంటికి పట్టా ఉన్నా చెల్లదు, ఎందుకంటే పట్టాలో రాసిన నేలే లేదు. తుఫానులో కూలిన ఇంటికి సాయం అందించే పద్ధతులున్నాయి గానీ, ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున పోయే ఇంటిని మన వ్యవస్థ చాలాకాలం విపత్తుగానే చూడలేదు. కోత వల్ల నిర్వాసితులయ్యే వాళ్ల పునరావాసం కోసం 1,000 కోట్ల రూపాయలు విడిగా కేటాయించాలని పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిఫారసు చేసేదాకా ఆ నష్టానికి ఒక పద్దు కూడా లేదు. అంటే ఒక పేరు దొరకడానికే ఇన్నేళ్లు పట్టింది. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని, మాటలతోనే నా పని. ఏ నష్టానికి ఏ పేరు పెడతారన్న దాన్నిబట్టి ఎవరికి ఏం దక్కుతుందో తేలుతుందని ఉప్పాడ నేర్పింది. ఇప్పుడు పాతబస్తీలో ఆ పేరు "ఆక్రమణ".

2024 సెప్టెంబరు చివర్లో రెవెన్యూ సిబ్బంది మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లోకి వచ్చి ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో "ఆర్‌బి-ఎక్స్" అని రాశారు. ఆర్‌బి అంటే రివర్ బెడ్, నదీగర్భం. నదీగర్భంలోనూ దాని పక్కనున్న బఫర్‌లోనూ కలిపి పదివేలకు పైగా కట్టడాలున్నాయన్నారు. అక్టోబరు మొదట్లోనే కూల్చివేతలు మొదలయ్యాయి. చాలామంది తమ తలుపులూ కిటికీలూ తామే ఊడదీసుకుని ఆటో ట్రాలీల్లో వేసుకుని వెళ్లిపోయారు. టీవీల్లో, పత్రికల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఒకటే మాట: వాళ్లు ఆక్రమణదారులు కదా!

ఆ ఆక్రమణ ఎలా జరిగిందో కాస్త చూద్దాం. పాతబస్తీలో వంద గజాలు, అరవై గజాలు చేతులు మారేది ఎక్కువగా నోటరీ కాగితం మీదే. చెరువు శిఖం భూమిని ప్లాట్లుగా కోసి అమ్మినవాడు ఎక్కడో ఉన్నాడు. అమ్ముతున్నప్పుడు ఏ ఆఫీసూ అడ్డుపడలేదు. తర్వాత కరెంటు మీటరు వచ్చింది, నల్లా కనెక్షన్ వచ్చింది, ఇంటి పన్ను కట్టించుకున్నారు, ఓటరు కార్డు మీద ఆ చిరునామాయే అచ్చువేశారు. ముప్ఫై ఏళ్లు పౌరురాలిగా లెక్కపెట్టిన మనిషిని ఒక్క రాత్రిలో ఆక్రమణదారును చేయడానికి ఎర్ర రంగు డబ్బా ఒక్కటి సరిపోయింది.

ఈ మాట తిట్టు కావడమే నా అభ్యంతరమైతే ఇంత రాయనక్కర్లేదు. ఆ మాటకు చట్టంలో పర్యవసానం ఉంది. 2013 భూసేకరణ చట్టాన్ని తీసి చూడండి. అందులో "కుటుంబం" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే భర్త చనిపోయిన స్త్రీలు, విడాకులు తీసుకున్న స్త్రీలు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబాలుగా పరిగణించబడతారని స్పష్టంగా ఉంది. నగరాల్లో ఒక స్థలంలో మూడేళ్లకు మించి నివసిస్తున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. యాజమాన్య పత్రం లేకపోయినా అంతే. సామాజిక ప్రభావ అంచనా జరగాలి, బహిరంగ విచారణ జరగాలి. ఈ హక్కులన్నీ "సేకరణ" అన్న మాట వాడితేనే వస్తాయి. "ఆక్రమణ తొలగింపు" అన్నారంటే ఆ చట్టంతో పనే లేదంటారు. అప్పుడు ఇచ్చేది హక్కు కాదు, దయ.

దీని భారం ఎవరి మీద పడుతుంది? మూసీ ఒడ్డున ఒక గోడ మీద వేసిన ఒక ఎక్స్ గుర్తు లోపల ఒకే కుటుంబం ఉండదు. అత్త, ఇద్దరు ముగ్గురు కోడళ్లు, మెట్ల కింద గదిలో తలాక్ అయి పిల్లలతో తిరిగొచ్చిన ఆడబిడ్డ. సర్వే కాగితంలో ఒక వరస, ఇంటి యజమాని పేరు ఒకటి. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి ఒంటరి మహిళలకు పెన్షన్ ఇస్తోంది. పెన్షన్ పద్దులో ఆమె ఒంటరి మహిళ. కూల్చివేత పద్దులో ఆమె అన్న ఇంట్లో ఒక సభ్యురాలు మాత్రమే. ఒకే ప్రభుత్వం, ఒకే స్త్రీ, రెండు లెక్కలు. అలాంటి ఒక ఆపాని ఈ మధ్య అడిగాను, కాగితాలేమైనా ఉన్నాయా అని. "కాగితాలన్నీ భాయీజాన్ దగ్గరున్నాయి. నా దగ్గర ఆధార్ కార్డుంది, దాని మీద ఈ ఇంటి అడ్రసుంది. ఇప్పుడు ఆ ఇల్లే లేదు గదా," అంది.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు కదా, 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం ఆ ఇల్లు గృహిణి పేరు మీదే ఇస్తారు కదా అని. నిజమే. ఆ నియమం మంచిదని ఒప్పుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు. కానీ "గృహిణి" అన్న మాటలోనే గొడవుంది. ఇంట్లో మగవాడికి భార్యగా ఉన్నామెకు ఇల్లు దక్కుతుంది. భార్య హోదా పోయినామెకు దక్కదు. అద్దెకుంటున్నవాళ్ల సంగతి సరేసరి, వాళ్లను లెక్కలోకి తీసుకోలేదన్న ఫిర్యాదులు అప్పుడే వచ్చాయి. తల్లి కోసం, చెల్లి కోసం, ఒంటరిదాని కోసం మన ఉద్యమాలు పోరాడి చట్టంలో రాయించుకున్న ఒక వాక్యాన్ని "ఆక్రమణ" అనే ఒక్క మాట కొట్టేసింది. స్త్రీవాదులమైన మనం దీని మీద ఎంత రాశాం?

2020 వరద సాయం సంగతీ ఇదే. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించింది. నవంబరులో మీసేవా కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచే బారులు తీరిన వాళ్లలో ఎందరు ఆడవాళ్లో ఆనాటి ఫొటోలు చూస్తే తెలుస్తుంది. నగరపాలక ఎన్నికలొచ్చాయని నవంబరు 18న ఎన్నికల సంఘం ఆ పంపిణీని నిలిపేసింది. క్యూలో నిలబడ్డ శరీరం ఆమెది. దరఖాస్తులో కుటుంబానికి ఒకటే పేరు.

ఇక ఏం పోయిందన్న లెక్క. కూలిన గోడలు లెక్కపెట్టారు, పాక్షికంగానా, పూర్తిగానా అని రాసుకున్నారు. పాతబస్తీలో ఇల్లంటే నివాసం మాత్రమే కాదు, కార్ఖానా కూడా. లాడ్ బజార్‌లో అమ్మే లక్క గాజులకు రాళ్లు అద్దేది, జర్దోజీ చట్రం మీద వంగి కళ్లు పోగొట్టుకునేది, అగరుబత్తీలు చుట్టేది, కుట్టుమిషను తొక్కేది ఇళ్లలో ఉన్న ఆడవాళ్లే. నీళ్లొచ్చినప్పుడు తడిసిపోయిన బట్ట సేఠ్‌ది. దాని ఖరీదు ఆమె కూలిలోంచి పోతుంది. మిషను మోటారు కాలిపోతే బాగుచేయించుకోవలసింది ఆమె. ఏ వరద నష్టం ఫారంలోనూ దీనికి గడి లేదు, ఎందుకంటే ఇంట్లో చేసేది పని కాదని మన పాత నమ్మకం. బస్తీని ఖాళీ చేయించి పది కిలోమీటర్ల అవతల నాలుగో అంతస్తులో ఫ్లాటు ఇచ్చినప్పుడు ఆమెకు పని తెచ్చిచ్చే మనిషి అంత దూరం రాడు. ఆ నష్టాన్నీ ఎవరూ రాసుకోరు.

ఇప్పుడు పైకీ కిందకీ ఉన్న సంబంధం దగ్గరికి వద్దాం. మూసీ ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయ్యాయి. 1908 వరద మళ్లీ రాకూడదనే వాటిని కట్టారు. వాటి పరీవాహక ప్రాంతంలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో 111 జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. ఎగువన నేల మీద కాంక్రీటు పరిస్తే వాన నీరు ఇంకదు, దిగువకే వస్తుంది. ఎగువన ఫామ్‌హౌస్ కట్టుకున్నవాడికి జీవో మారుతుంది. దిగువన అరవై గజాల్లో రేకులు వేసుకున్నామెకు గోడ మీద రంగు పడుతుంది. అక్కడ జరిగేదాన్ని "అభివృద్ధి" అంటున్నాం, ఇక్కడ ఉన్నదాన్ని "ఆక్రమణ" అంటున్నాం. నదికి అడ్డం పడింది ఎవరో నిజాయితీగా లెక్క తీయాలంటే ఎగువ నుంచి మొదలుపెట్టాలి.

1908 సెప్టెంబరు 28 వరదలో దాదాపు 15,000 మంది చనిపోయారంటారు. ఆ తర్వాత వచ్చిన విశ్వేశ్వరయ్య, నగరానికి పైనున్న పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. అంటే ఒడ్డున ఉన్నవాళ్ల తప్పు కంటే ముందు పైనున్న చెరువుల సంగతి చూడాలని నూట పదిహేనేళ్ల కిందటే తెలుసు. కానీ మన జ్ఞాపకాల్లో మిగిలింది వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నదికి చీర, గాజులు, పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమన్నాడన్న కథను ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటాం. కోపమొచ్చిన ఆడదానికి చీర పెట్టి చల్లబరచడమన్నమాట! ఆ వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు, ఆ దుఃఖాన్ని కవిత్వం చేశాడు. ఆయన దుఃఖం పట్ల నాకు గౌరవమే. కానీ ఆ వేల మందిలో ఆ ముగ్గురు స్త్రీలు మనకు తెలిసింది వాళ్ల ఇంట్లో ఒక కవి బతికి బయటపడ్డాడు కాబట్టే. మిగిలిన ఆడవాళ్ల గురించి రాయడానికి ఎవరూ లేరు.

నదిని స్త్రీగా చూసే అలవాటు ఇవాళ్టి ప్రభుత్వ భాషలోకి కూడా వచ్చింది. దానికి పెట్టిన పేరు "సుందరీకరణ". మురికిపట్టిన మూసీని కడిగి, దీపాలు పెట్టి, ఒడ్డున నడకదారులు వేసి, చూడటానికి వచ్చేవాళ్ల ముందు నిలబెడతారు. పెళ్లిచూపులకు ఆడపిల్లను ముస్తాబు చేసినట్టే. పెళ్లిచూపుల రోజు ఇంట్లో పనిచేసే మనిషిని పెరట్లోకి పంపించినట్టు, ఒడ్డున బతికే స్త్రీలను కనిపించకుండా పంపించేస్తారు. నదీ స్త్రీ ఒకటేనని ముప్ఫై ఏళ్లుగా కవితలు రాస్తున్న మనమే ఈ భాషకు ముడిసరుకు అందించామేమో ఆలోచించండి. మూసీని అమ్మ అనడం సులువు. ఆ అమ్మ పక్కన ఉండే అమ్మల పేరు మీద ఒక కాగితం ఉండాలని అడగడం కష్టం.

దీనికి ఒక గట్టి ప్రశ్న ఎదురవుతుంది, దాన్ని దాటేయకూడదు. "మరి నది మధ్యలోనే ఉండనిద్దామా? మునిగి చావనిద్దామా?" 2025 సెప్టెంబరు 26-27 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి. చాదర్‌ఘాట్, మూసానగర్ మళ్లీ మునిగాయి. వెయ్యి మందికి పైగా జనాన్ని రాత్రికి రాత్రి తరలించాల్సివచ్చింది. నదీగర్భంలో బతకడం ప్రమాదమని అక్కడుండే స్త్రీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పిల్లల్ని భుజాన వేసుకుని నడుం లోతు నీళ్లలో నడిచింది వాళ్లే. వేడెక్కుతున్న సముద్రం ఇలాంటి రాత్రుల్ని ఇంకా పంపిస్తుంది. కొందరు ఆ చోటు వదలక తప్పదు. నేను అడుగుతున్నది అక్కడే ఉంచమని కాదు. కదిలించేటప్పుడు వాళ్లను నేరస్తులుగా కాక, వేరెవరో చేసిన నష్టాన్ని మోస్తున్నవాళ్లుగా చూడమని అడుగుతున్నాను. ఉప్పాడలో ఇల్లు పోయినామెను ఎవరూ ఆక్రమణదారు అనరు. ఆమెను ముంచిన సముద్రమే మూసానగర్‌లో ఉన్నామెను కూడా ముంచింది.

అందుకని అడగవలసినవి స్పష్టంగానే అడుగుదాం. మూసీ మీదా చెరువుల మీదా జరిగే ప్రతి తరలింపునూ 2013 చట్టం కింద నిర్వాసిత్వంగా గుర్తించాలి. భర్త చనిపోయిన, విడాకులైన, వదిలేయబడ్డ స్త్రీలను ఆ చట్టం చెప్పినట్టే వేరే కుటుంబాలుగా రాయాలి. అద్దెకున్నవాళ్లను చేర్చాలి. నష్టం ఫారంలో ఇంట్లో చేసే పనికీ, ఆ పనిముట్లకూ ఒక గడి ఉండాలి. కొత్త ఇల్లు పాత పనికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. ఎగువన సడలించిన ఆంక్షలను తిరిగి బిగించకుండా దిగువన ఒక్క గోడ మీద కూడా రంగు వేయకూడదు. తీరంలోనూ ఇదే సూత్రం. ఒండ్రును ఆపిన ప్రాజెక్టుల లెక్కలోంచే కోతకు పోయిన ఇళ్లకు పరిహారం రావాలి.

ఇక మన వంతు. పర్యావరణ స్త్రీవాదం మీద పత్రాలు సమర్పిస్తున్నాం, పిహెచ్‌డీలు చేయిస్తున్నాం. మంచిదే. ఈ ఏడాది ఒక్క విశ్వవిద్యాలయంలోనైనా ఒక్క బృందం 2020లో మునిగిన ఒక్క కాలనీకి వెళ్లి, ఇంటింటికీ ఎంతమంది స్త్రీలున్నారో, వాళ్లలో ఎవరి పేరున ఏ కాగితం ఉందో, ఏ పనిముట్లు పోయాయో, ఎంత అప్పయిందో ఉర్దూలో అడిగి తెలుగులో రాసి అచ్చు వేయగలదా? ఆ పట్టిక పట్టుకుని కలెక్టరు ఆఫీసుకు ఆ స్త్రీలతో పాటు వెళ్లగలమా? మనకు చదువుంది, భాష ఉంది, ఫారాలు నింపడం వచ్చు. 1908లో ఒక కవి ఇంట్లోని ముగ్గురు స్త్రీలే మనకు మిగిలారు. వచ్చే వానాకాలం లోపు హాఫిజ్‌బాబానగర్‌లోనో మూసానగర్‌లోనో ఒక్క గల్లీ స్త్రీల పేర్లన్నీ రాసిపెట్టుకుందాం. రాసేవాళ్లు ముందుకొస్తే నేను వెంట నడుస్తాను.